ఒక తప్పుంది, పట్టుకోండి

నందివాడ దగ్గర మా హైస్కూల్లో ఆ పీరియడ్ ఎనిమిదో తరగతికి ఖాళీ. హిందీ మేడమ్ వాళ్ళకి టీవీ ప్యానెల్ మీద ఏదో వీడియో పెట్టి పేపర్లు దిద్దుకుంటోంది. గోడకి ఇవతల నేను పదో తరగతికి సోషల్ చెప్తున్నాను. ఉన్నట్టుండి ఆ గొంతు వినపడింది.

"ఇంతసేపూ నేను చెప్పినదాంట్లో ఒక తప్పుంది. ఒకటే. పట్టుకోండి. దొరికితే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి. నేను ఎత్తుతాను."

సుద్దముక్క బోర్డు మీద అలాగే ఆగిపోయింది. ఆ మనిషి పోయి అప్పటికి రెండు వారాలు. గోడ అవతల పిల్లలు గోలగోలగా పుస్తకాలు తిరగేస్తున్నారు. వాళ్ళకి ఆవిడ లేరని తెలియదు. నేనింకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియక రోజులు నెట్టుకొస్తున్నాను.

వరండాలోకి వచ్చి ఫోన్ తీస్తే మా టీచర్ల గ్రూపులో మెసేజ్. "తప్పుల మేడమ్ పాఠాలు ఆదివారం ఆన్‌లైన్‌లోంచి తీసేస్తున్నారట. వాళ్ళ తమ్ముడే చెప్పాడు." దాని కింద ఒక మాస్టారు రాశాడు: "మంచిదే. పిల్లలు చెడిపోకుండా ఉంటారు." నాకు ఒళ్ళు మండింది. ఆ పాఠాలు క్లాసులో పెట్టి కుర్చీలో కునుకు తీసిన మనిషే ఈ నీతులు చెప్తున్నాడు. ఏదో గట్టిగా రాద్దామని మొదలుపెట్టి చెరిపేశాను. ఆ రోజు బుధవారం. ఆదివారానికి ఆవిడ పాఠం అన్నది ఇక ఎక్కడా ఉండదు. పోయిన మనిషిని మళ్ళీ పోగొట్టుకోబోతున్నామని భయం వేసింది.

ఆవిడ దివిసీమలో, కోడూరు దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. పుట్టిల్లు పెడన. ఆవిడ ఎక్కడ చదివారో, ఎన్నేళ్ళ సర్వీసో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఆవిడ గొంతు, రెండు పాదాలు. ఆ పాఠాలు చూసిన ఏ పిల్లాడికైనా అంతే. స్కూలు వరండాలో గచ్చు మీద సుద్దతో భారతదేశం పటం గీసేవారు. మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన కెమెరా కిందికి చూసేలా ఫోన్ ఆనించి, ఆ పటం మీద నడుస్తూ పాఠం చెప్పేవారు. గోల్కొండ నించి బందరుకి నాలుగు అడుగులు. ఢిల్లీకి పోవాలంటే కాస్త గబగబా నడవాలి. వెనకాల కోడిపుంజు కూతా, కోడూరు బస్సు హారనూ వినపడుతూ ఉండేవి. ఆవిడ అవేవీ తీసేసేవారు కాదు.

బంగాళాఖాతం మీదికి వచ్చినప్పుడు మాత్రం చీర కుచ్చెళ్ళు కాస్త పైకెత్తి పట్టుకునేవారు, తడుస్తాయన్నట్టు. మిగతా సముద్రాలు మామూలుగా దాటేసేవారు. మన సముద్రానికే ఆ మర్యాద. మా పిల్లలు ఆ క్షణం కోసం కాచుకుని కూర్చుని, అది రాగానే ఫక్కున నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

పాఠాలే కాదు. వాటితో పాటు పటాలు, ప్రశ్నలు, క్లాసులోనే గ్రామసభ పెట్టించే పద్ధతి, ఉత్తుత్తి పోలింగు పెట్టడానికి కావలసిన చీటీలు, అన్నీ ఉంచేవారు. ఎవరైనా దించుకోవచ్చు, ముక్కలు చేసుకోవచ్చు, తన పేరు కూడా చెప్పక్కర్లేదు. "ఎంత మంచి ఉచిత సేవండీ" అని ఒకసారి అన్నాను. "ఉచితం అనకయ్యా, మనవాళ్ళకి ఉచితమంటే చులకన. ఊరుమ్మడి అను" అన్నారు.

ఆ తప్పు సంగతి మొదట్లో నాకూ తెలియదు. పంచాయతీ పాఠం సగం విని, ఇదేమిటి ఈవిడ ఇలా చెప్పేస్తున్నారని కోపంతో ఫోన్ చేశాను. ఆవిడ హలో అనలేదు. ఎప్పుడూ అనరు.

"చెప్పు, ఎక్కడ?"

"మేడమ్, సర్పంచ్‌ని వార్డు మెంబర్లు ఎన్నుకుంటారని చెప్పారండి. ఊళ్ళో వాళ్ళందరూ కదండీ ఓటెయ్యాలి?"

"ఎలా తెలుసు?"

"ఎలా తెలియడమేమిటండీ! నేను సోషల్ టీచర్ని."

"ఓహో, సారువా! అయితే నువ్వు లెక్కలోకి రావు నాయనా. మీ పిల్లల చేత చేయించు." టక్కున పెట్టేశారు. ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు.

ఆవిణ్ణి మొదటిసారి చూసింది మోపిదేవిలో. మా అమ్మాయి పుట్టు వెంట్రుకలు తీయించడానికి వస్తున్నామని చెప్తే, "అవనిగడ్డ దాటితే మోపిదేవే కదా, వస్తాన్లే" అన్నారు. క్యూలో అందరూ చెప్పుల్లేకుండా నిలబడ్డారు. నా కళ్ళు ఎందుకో కిందే తిరుగుతున్నాయి. పగిలిన మడమలు, ఆ పగుళ్ళలో తెల్లగా సుద్ద. "మేడమ్ గారూ" అన్నాను తలెత్తకుండానే. ఆవిడ గట్టిగా నవ్వారు. మా ఆవిడ మాత్రం, పరాయి ఆడవాళ్ళ కాళ్ళు చూసి గుర్తుపట్టడమేమిటని ఇంటికెళ్ళేదాకా దెప్పుతూనే ఉంది.

ఈ తప్పుల పిచ్చి ఎక్కడిదండీ అని అక్కడే అడిగాను.

"మా నాన్న కలంకారీ అచ్చు వేసేవాడు. గుడ్డంతా అచ్చు కొట్టి, కావాలని ఒక పువ్వు పక్కకి తిప్పి కొట్టేవాడు. అది కనిపెడితే గానీ మమ్మల్ని అన్నానికి లేవనిచ్చేవాడు కాదు. ఆ ఒక్క పువ్వు కోసం మిగతా పువ్వులన్నీ చూడాలి కదా! అదయ్యా పాఠమంటే. తప్పు లేదని తెలిస్తే ఎవడు చూస్తాడు?"

తప్పు ఎక్కడుందో ఎవరికీ చెప్పేవారు కాదు. ఉప్పు సత్యాగ్రహం పాఠంలో తప్పు మా బడిలో ఎవరికీ దొరకలేదు. పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకుని మాట మాట సరిచూశాను. పేర్లు సరిగ్గానే ఉన్నాయి, ఊళ్ళు సరిగ్గానే ఉన్నాయి. ఇందులో పెట్టడం మర్చిపోయారా అని అడిగాను. "మర్చిపోతానా? ఎవరో ఒకరు చేస్తార్లే ఫోను" అన్నారు. ఆ పాఠం పేరెత్తితే నాకు ఇప్పటికీ తల గోక్కోవడమే.

అసలు ముప్పు ఒక పరీక్ష పేపరుతో వచ్చింది. ఎక్కడో ఒక మాస్టారు, పేరెందుకులెండి, ఆవిడ పాఠం పెట్టుకుని ప్రశ్నలు తయారుచేశారు. సగం విని, చాల్లే అని ఆపేశారు. ఒక తప్పుంది అని ఆవిడ చెప్పేది చివర కదా! బందరుకి డచ్చివాళ్ళ కంటే ముందు ఇంగ్లీషువాళ్ళు వచ్చారన్నది ఆ పాఠంలో తప్పు. అదే జవాబుగా చాలా స్కూళ్ళకి వెళ్ళిపోయింది. డచ్చివాళ్ళే ముందని సరిగ్గా రాసిన పిల్లలకి మార్కు పోయింది. తల్లిదండ్రులు గొడవ చేశారు. ఆ గొడవ తిరిగి తిరిగి, ఆన్‌లైన్‌లో తప్పుడు చరిత్ర చెప్తున్న టీచరమ్మ మీదికి వచ్చింది.

బందరులో ఆఫీసుకి పిలిచారు. మచిలీపట్నం అని కాగితాల మీద రాస్తాం గానీ, ఆ పిలుపు వచ్చిన రోజు మా అందరి నోటా ఒకటే మాట: "బందరు పిలిచిందట." పాఠాలు వాడుతున్న టీచరొకరిని వెంట తెచ్చుకోమన్నారట. ఆవిడ నాకు ఫోన్ చేశారు. ఆవిడతో పాటు నాకూ ఒక మెమో చేతికిస్తే? అయినా వెళ్ళాను. వెళ్ళకపోతే నా పిల్లల మొహం చూడలేను.

ఆఫీసరు చెడ్డవాడు కాదు. అదే కష్టమైంది. కసిరే మనిషైతే కసురుకోవచ్చు. ఆయన నెమ్మదిగా, అలసటగా మాట్లాడాడు. పేపరు తయారుచేసిన మాస్టారు పక్క కుర్చీలో చెమటలు కక్కుతున్నాడు.

"మేడమ్, మీరు మంచి టీచరని విన్నాను. కానీ తెలిసి తెలిసి తప్పు చెప్పడమేమిటండీ? తప్పులన్నీ తీసెయ్యండి, పాఠాలు ఉంచుకోండి. లేదంటే మొత్తం తీసెయ్యండి. రెండూ కుదరవంటే నేను పైకి రాయాల్సి ఉంటుంది."

"తప్పులు తీసేస్తే అవి పాఠాలు కావండి."

"ఉద్యోగం మీదికి వస్తుంది మేడమ్."

ఆవిడ చీర కొంగుకి అంటిన సుద్ద దులుపుకుంటున్నారు. ఒప్పుకోండి మేడమ్, ఒప్పుకోండి అని నేను లోపల మొక్కుకుంటున్నాను. సరిగ్గా అప్పుడు ఆవిడ సంచీలో ఫోన్ మోగింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఆపేస్తారనుకున్నాను. ఎత్తారు.

"చెప్పు, ఎక్కడ?"

అవతల గొంతు పెద్దది, స్పీకరు అక్కర్లేదు. నాగాయలంక వైపు ఏదో ఊరి నించి ఒక పిల్ల.

"పంచాయతీ పాఠమండీ. సర్పంచిని మెంబర్లు ఎన్నుకుంటారన్నారు. కాదండీ."

"ఎలా తెలుసు?"

"మా అమ్మనడిగానండి. రెండు కాయితాలిచ్చారంట. తెల్లది మెంబరుకి, గులాబీ రంగుది సర్పంచికి. గులాబీ దాని మీద మా అమ్మే ముద్దరేసిందండి. మెంబర్లే ఎన్నుకునేదైతే మా అమ్మకి ఆ కాయితం ఎందుకిస్తారండీ?"

"మీ అమ్మ ఎవరికేసింది?"

"అది చెప్పకూడదండీ! అది కూడా మీ పాఠంలోదేనండీ."

"శభాష్. ఉంటాను తల్లీ, బందరులో ఉన్నాను" అని ఫోన్ సంచీలో పెట్టుకున్నారు. ఆఫీసరు మొహంలో నవ్వు వచ్చి, ఆగిపోయింది. చాలాసేపు కాగితాలు సర్దాడు. చివరికి అడిగాడు.

"బాగుందమ్మా. కాదనను. మీరున్నంతకాలం ఫోన్ మీరెత్తుతారు. మీరు లేనిరోజున? ఎత్తేవాళ్ళు లేకపోతే ఆ తప్పు ఉట్టి తప్పుగానే మిగిలిపోతుంది కదా?"

ఎప్పుడూ ఎదురు ప్రశ్న వేసే మనిషి, సంచీలో ఫోన్‌ని తడుముకుంటూ ఉండిపోయారు.

మందలింపు మెమోతో వదిలేశారు. ఒక తప్పుందని పాఠం మొదట్లో కూడా చెప్పాలన్నారు, ఒప్పుకున్నారు. బస్టాండుకి నడుస్తుంటే నేను గండం గడిచిందన్న సంబరంలో ఏదేదో వాగుతున్నాను. ఆవిడ వినడం లేదు. అవనిగడ్డ బస్సు మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగారు.

"ఆయన అడిగింది సబబే కదయ్యా" అన్నారు. బస్సు కదిలిపోయింది.

తర్వాత ఎప్పుడు మాట్లాడినా ఆ ప్రసక్తి ఆవిడ తేలేదు, నేనూ తేలేదు. ఈ వానాకాలంలో జ్వరమని పడుకున్నారు, లేవలేదు. పెడనలో దహనమైందని ఆలస్యంగా తెలిసింది. నేను వెళ్ళేసరికి శ్మశానంలో ఎవరూ లేరు. గుడివాడ ప్యాసింజర్లో తిరిగొస్తూ ఏడ్చాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన, కంట్లో నలుసు పడిందా బాబూ అని అడిగాడు. అవునండీ అన్నాను.

గ్రూపులో ఆ మెసేజ్ చూసిన మర్నాడు పదో తరగతి పిల్లలకి చెప్పేశాను. ఓట్ల పాఠం పెట్టమన్నారు, పెట్టాను. ఆవిడ గచ్చు మీద నడుస్తున్నారు, పోలింగు బూత్ గీస్తున్నారు, సిరా చుక్క కుడిచేతి వేలికి పెడతారంటున్నారు. మామూలు రోజైతే అక్కడే అరిచేవాళ్ళు, ఎడమ చెయ్యండీ అని. ఆ రోజు అరవలేదు. "పట్టుకున్నవాళ్ళు ఫోన్ చెయ్యండి. నేను ఎత్తుతాను" అని పాఠం అయిపోయింది.

వెనక బల్లలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల.

"ఇంకో తప్పుందండీ."

"ఒకటే ఉంటుంది కదమ్మా."

"ఎత్తుతానన్నారు కదండీ. ఇంక ఎత్తరు కదా. అన్ని పాఠాల్లోనూ ఇప్పుడు రెండేసి తప్పులున్నాయండీ."

ఆఫీసరు అడిగినది ఈ పిల్ల ఇంకోలా చెప్పింది. మొదటి తప్పు పిల్లలు దిద్దుకుంటారు. రెండోది పెద్దవాళ్ళెవరో దిద్దాలి.

శనివారం మధ్యాహ్నం బడి కాగానే పెడన వెళ్ళాను. ఆవిడ తమ్ముడు తండ్రి పనే చేస్తున్నాడు. పొడుగాటి బల్ల మీద గుడ్డ పరిచి అచ్చు కొడుతున్నాడు. రంగులో అద్దడం, గుడ్డ మీద ఆనించడం, పిడికిలితో ఒక్క దెబ్బ. నేను ఫలానా అని చెప్పుకున్నాను. తలూపాడు గానీ చెయ్యి ఆపలేదు.

"పాఠాలు ఉంచండి. మీకు దణ్ణం పెడతాను" అన్నాను.

"ఉంచి ఏం చేస్తానండీ? చూడండి." కిటికీలో ఆవిడ ఫోన్ ఉంది, ఛార్జరుకి తగిలించి. "రోజంతా మోగుతానే ఉంటది. మొదట్లో ఎత్తానండి. 'మేడమ్ గారాండీ, తప్పు దొరికిందండీ' అంటారు. అక్క చచ్చిపోయిందమ్మా అని ఎంతమంది పిల్లలకి చెప్పనండీ? ఒక పిల్లాడు ఏడిచాడు. ఆ రోజు నించీ ఎత్తడం మానేశాను. ఎత్తకపోతే అక్క అబద్ధం ఆడినట్టుంటది. పాఠాలు తీసేస్తే ఫోన్లు ఆగుతాయండి. నా వల్ల కాట్లేదు మాస్టారూ."

ఆయన మీద కోపంతో వెళ్ళాను. ఆ కోపం ఎటు పోయిందో తెలియదు.

"నాకిచ్చెయ్యండి ఫోను. నేనెత్తుతాను."

"తప్పులెక్కడున్నాయో మీకు తెలుసాండీ?"

"కొన్ని తెలుసు. అన్నీ తెలియవు."

"మరి ఏం చెప్తారు?"

ఆయన మళ్ళీ అచ్చు తీసుకున్నాడు. ఇంక లాభం లేదనుకుని లేచాను. అంతలో ఫోన్ మోగింది. ఇద్దరం దాన్నే చూస్తున్నాం. మోగి మోగి ఆగిపోయింది. ఊపిరి పీల్చుకున్నామో లేదో మళ్ళీ మొదలైంది. ఆయన చెయ్యి గుడ్డ మీద గాల్లోనే ఉంది, అచ్చు నించి రంగు కారి ఒక చుక్క పడింది. నేను వెళ్ళి ఎత్తాను.

"చెప్పమ్మా, ఎక్కడ?"

"మేడమ్ గారు లేరాండీ?"

"లేరమ్మా. చనిపోయారు. నేను ఆవిడ పాఠాలు చెప్పే సారుని. నువ్వు చెప్పు, ఎక్కడ?"

పెట్టేస్తుందనుకున్నాను. పెట్టెయ్యలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

"ఉప్పు సత్యాగ్రహమండీ."

బల్ల అంచు పట్టుకున్నాను. "ఎలా తెలుసు?"

"మాటల్లో లేదండీ, కాళ్ళల్లో ఉందండీ. దండి అరేబియా సముద్రం ఒడ్డున అని నోటితో అన్నారండి. నడిచి వెళ్ళి చీరెత్తుకుని మన సముద్రంలోకి దిగారండి. అందరూ నవ్వుతున్నారు కదా, అందుకని చూళ్ళేదండీ."

ఎన్నిసార్లు చూశాను ఆ పాఠం! ప్రతిసారీ అక్కడ నవ్వాను. ఇప్పుడూ నవ్వు వచ్చింది, దాంతో పాటు ఏడుపూ వచ్చింది. "శభాష్ తల్లీ. అదే. నాకూ దొరకలేదు అది" అన్నాను.

ఫోన్ పెట్టేసరికి ఆయన ఎప్పుడు కూర్చున్నాడో, గచ్చు మీద కూర్చుని ఉన్నాడు. ఆ పాఠం పెట్టమన్నాడు. పెట్టాను. అక్క పాదాలు పటం మీద తూర్పుకి నడిచాయి, కుచ్చెళ్ళు పైకి లేచాయి. ఆయన మోచేత్తో కళ్ళు తుడుచుకుంటే చెంపకి రంగు అంటుకుంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"ఛార్జరు కూడా పట్టుకెళ్ళండి మాస్టారూ. దీనికి వేరేది పట్టదు" అన్నాడు.